అస్తిత్వవాద స్త్రీవాదం, ఆడవాళ్ల విముక్తి: తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో మా మిద్దె మీద ఆదివారం సాయంత్రాలు ఎనిమిది పదిమంది ఆడవాళ్లం కూర్చుంటాం. డిగ్రీ చదివే పిల్లలు ఉంటారు, ఒక అంగన్‌వాడీ టీచరమ్మ, రిటైరైన పంతులమ్మలు ఇద్దరు, ధర్మవరం నుంచి బస్సెక్కి వచ్చే ఒకామె. నేను కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని కాబట్టి చదివింది చెప్పడం నా వంతు, అడగడం వాళ్ల వంతు. కొత్తగా ఎవరొచ్చినా అవే ప్రశ్నలు మళ్లీ వస్తున్నాయి, అందుకే ఇక్కడ రాసి పెడుతున్నా.

అస్తిత్వవాద స్త్రీవాదం అంటే ఏంటి? తేలిక మాటల్లో చెప్పండి.

మనిషి ఫలానా స్వభావంతో, ఫలానా పని కోసం అని పుట్టడు, బతుకుతూ, ఎంచుకుంటూ, తన పనులతో తనను తాను తయారు చేసుకుంటాడు అనేది అస్తిత్వవాదం. ఆ మాట నిజమైతే ఆడమనిషికి కూడా నిజం కావాలి కదా. మరి ఆమె విషయంలో మాత్రం "ఆడదంటే ఇట్లుండాలి" అని ఆమె పుట్టకముందే రాసి పెట్టింది ఎవరు, అది ఇన్ని వేల ఏళ్లు ఎట్లా నడిచింది, దాంట్లోంచి బయటికి ఎట్లా రావాలి అని అడిగేది అస్తిత్వవాద స్త్రీవాదం.

ఆ మొదటి సగం ఇంకా అర్థం కాలేదు. పుట్టుకతో స్వభావం ఉండదంటే ఎట్లా?

1945లో పారిస్‌లో ఇచ్చిన ఒక ఉపన్యాసంలో ఫ్రెంచి తత్వవేత్త జా పాల్ సార్త్రే కాగితాలు కోసే కత్తిని ఉదాహరణగా తీసుకున్నాడు. మనం కొడవలి అనుకుందాం. కమ్మరి ఇనుము కాల్చకముందే కొడవలి దేనికో ఆయనకు తెలుసు, ఆ వంపు, ఆ పళ్లు, ఆ పిడి అన్నీ కోత కోసమే. అంటే పని ముందు, వస్తువు తర్వాత. మనిషి అట్లా కాదు, ముందు ఉంటాడు, ఏమవుతాడో తర్వాత తేలుతుంది.

కానీ మన ఇళ్లలో ఆడపిల్లను చూడండి. ఏడేళ్ల పిల్ల చీపురు అడ్డదిడ్డంగా పట్టుకుంటే "రేపు అత్తగారింట్లో మమ్మల్ని తిట్టిస్తావు" అంటాం. పక్కనే తొమ్మిదేళ్ల అన్న టీవీ చూస్తుంటాడు, వాడు రేపు ఏ ఇంట్లో ఎవరితో తిట్టిస్తాడో మనకు పట్టదు. పిల్లను మాత్రం కమ్మరి కొడవలి చేసినట్టే, పని ముందు పెట్టుకుని దానికి తగ్గట్టు సాగగొడుతున్నాం.

బోవా ఎవరు? సార్త్రే శిష్యురాలా?

కాదు. ఈ ప్రశ్నకు నాకు కొంచెం కోపం వస్తుంది, ఎందుకంటే ఆమె బతికున్నన్నాళ్లూ ఇదే అడిగారు.

సిమోన్ ద బోవా 1908లో పారిస్‌లో పుట్టింది, 1986లో అక్కడే చనిపోయింది. తండ్రి ఆస్తి అంతా పోయింది. మీకు కట్నం ఇచ్చుకోలేను, మీకు పెళ్లిళ్లు కావు, ఉద్యోగం చేసుకుని బతకాల్సిందే అని కూతుళ్లకు చెప్పేవాడు. ఆయన బాధతో అన్న మాట ఆమెకు తలుపు తెరిచింది. మన కడప కర్నూలు ఇళ్లలో ఈ మాట ఎన్నిసార్లు విని ఉంటాం, కానీ ఇక్కడ కట్నం లేకపోతే చదువు మాన్పించి ఏదో ఒక సంబంధం చూస్తారు. 1929లో ఫిలాసఫీ అగ్రిగేషన్ (పంతుళ్లను ఎంచుకునే జాతీయ పోటీ పరీక్ష)లో ఆమెకు రెండో ర్యాంకు, సార్త్రేకు మొదటిది. ఆయన అంతకు ముందు ఏడాది తప్పి రెండోసారి రాశాడు, ఆమెకేమో అప్పటికి ఇరవై ఒక్క ఏళ్లు, అప్పటిదాకా ఆ పరీక్ష పాసైన వాళ్లందరిలో చిన్నది. అప్పటి నుంచి 1980లో ఆయన పోయేదాకా ఇద్దరూ తోడుగా ఉన్నారు, పెళ్లి మాత్రం చేసుకోలేదు.

ఆలోచనలో కూడా ఆమె దారి వేరు. మనిషికి ఎప్పుడూ స్వేచ్ఛ ఉంటుందని సార్త్రే అంటే, అంతఃపురంలో పెట్టి తాళం వేసిన ఆడమనిషికి ఏం స్వేచ్ఛ ఉంటుంది చెప్పు అని 1940లోనే ఆయనతో వాదించింది. ఆ సంగతి ఆత్మకథలో రాసుకుంది. స్వేచ్ఛ మనిషి లోపల ఉంటుంది నిజమే, కానీ పరిస్థితి దాని గొంతు పిసకగలదు. ఇదీ ఆమె పట్టుకున్న విషయం.

ఆమె రాసిన "ద సెకండ్ సెక్స్" 1949లో రెండు భాగాలుగా వచ్చింది. అప్పటికి ఫ్రాన్స్‌లో ఆడవాళ్లకు ఓటు హక్కు వచ్చి ఐదేళ్లే. 1956లో వాటికన్ ఆ పుస్తకాన్ని నిషేధించింది.

"స్త్రీగా పుట్టరు, స్త్రీగా తయారవుతారు" అన్నారట కదా. మరి శరీరం? నెలసరి, కాన్పు ఇవన్నీ అబద్ధమా?

అబద్ధమని ఆమె అనలేదు. శరీరం గురించి పేజీలకు పేజీలు రాసింది. శరీరం ఉంది, దానికి నొప్పి ఉంది, బరువు ఉంది. కానీ ఆ శరీరానికి ఏ అర్థం ఇవ్వాలో శరీరం చెప్పదు, చుట్టూ ఉన్న మనుషులు చెబుతారు. నెలసరి వచ్చిందని పొట్ట నొస్తుంది, అది శరీరం. ఆ మూడు రోజులు గడప అవతల చాప వేసుకుని పడుకోవాలి, గ్లాసు విడిగా పెట్టుకోవాలి అనేది శరీరం చెప్పిందా? పన్నెండేళ్ల పిల్ల ఆ చాప మీద పడుకుని తన ఒంటి గురించి ఏమి నేర్చుకుంటుందో ఆలోచించండి. ఆమె స్త్రీగా తయారవుతున్నది ఆ చాప మీదే.

"ఇతర" అనే మాట మాటిమాటికీ వాడతారు. ఏంటది?

దీనికి ఫ్రెంచి అవసరం లేదు, మన సీమ మాట చాలు. "ఆడపిల్ల ఎప్పటికైనా ఆడ పిల్లే, ఈడ పిల్ల కాదు" అంటారు పెద్దవాళ్లు. మనకు ఆడ అంటే అక్కడ, ఈడ అంటే ఇక్కడ. పుట్టిన ఇంట్లో ఇరవై ఏళ్లు పెరిగినా ఆ పిల్ల అక్కడి మనిషే. అక్కడికి పోయినాకైనా అక్కడి మనిషి అవుతుందా అంటే, "మా ఇంటికొచ్చిన పిల్ల", "పరాయింటి నుంచి వచ్చింది" అంటారు. అంటే ఎక్కడా "ఈడ" లేదు ఆమెకు.

బోవా చెప్పింది ఇదే. లోకంలో మగవాణ్ణి మనిషిగా, కొలతగా పెట్టుకున్నారు, ఆడమనిషిని ఆ కొలత నుంచి పక్కకు జరిగినదిగా చూశారు. ఆయన "నేను", ఈమె "ఇతర". ఇద్దరు కొత్తవాళ్లు ఎదురుపడితే ఒకరికొకరు ఇతరులే, ఒక ఊరివాళ్లకు ఇంకో ఊరివాళ్లు ఇతరులే, అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు. ఆడ మగ విషయంలో మటుకు అది ఒక వైపే నిలిచిపోయింది. ఈమెను ఆయన ఇతరగా చూస్తాడు, ఈమె కూడా తనను తాను ఆయన కళ్లతోనే చూసుకుంటుంది.

మా ఆయన మంచోడు. ఉద్యోగం చేయనిస్తాడు, పుట్టింటికి పంపిస్తాడు. మా అమ్మానాన్న కూడా పీజీ దాకా చదువుకోనిచ్చారు. నాకు స్వేచ్ఛ ఉన్నట్టే కదా?

ఎక్కువమంది అడిగేది ఇదే, నేను ఎక్కువసేపు చెప్పేది కూడా దీనికే.

అడిగిన వాక్యాలనే మళ్లీ చదవండి. చేయనిస్తాడు, పంపిస్తాడు, చదువుకోనిచ్చారు. తెల్లవారి ఐదింటికి లేచి కుక్కర్ పెట్టి, మూడు బాక్సులు కట్టి, తల సరిగా దువ్వుకోకుండా బస్సు కోసం పరిగెత్తేది మీరు. రాత్రి పన్నెండు దాకా చదివి పరీక్ష రాసింది మీరు. వాక్యంలో కర్త మాత్రం ఇంకెవరో. "మా ఆవిడ నన్ను ఉద్యోగం చేయనిస్తుంది" అని ఒక మగవాడు అనగా నేను ఇంతవరకూ వినలేదు.

పెళ్లి మాటలు కూడా అంతే. "పెద్దమ్మిని ప్రొద్దుటూరికిచ్చినాం, చిన్నమ్మిని ఆదోనికిచ్చినాం." "ఈ ఏడు కోడల్ని తెచ్చుకున్నాం." ఇచ్చేవాళ్లు ఉన్నారు, తెచ్చుకునేవాళ్లు ఉన్నారు, ఆ మధ్యలో చేతులు మారిన మనిషి వ్యాకరణంలో కర్మ. బోవా వాడిన పెద్ద పెద్ద మాటలు మొదటిసారి చదివినప్పుడు నాకు తలకెక్కలేదు, మా అత్త ఫోన్లో ఎవరికో "అనంతపురం నుంచి తెచ్చుకున్నాం" అని నా గురించి చెబుతుంటే విన్న రోజు ఎక్కాయి.

మీ ఆయన మంచోడు కాదని నేను అనడం లేదు. మంచోడు కావచ్చు. కానీ ఒకరు ఇచ్చింది వాళ్లే వెనక్కి తీసుకోవచ్చు, అందుకే అది అనుమతి అవుతుంది. ఆయన రేపు పొద్దున "ఇంక చాల్లే, మానెయ్" అంటే ఏం జరుగుతుందో మీకు మీరే నిజాయితీగా ఊహించుకోండి. జీతం పడే అకౌంటు ఏటీఎం కార్డు ఎవరి జేబులో ఉందో కూడా చూడండి.

సరే, అంత అన్యాయమైతే ఆడవాళ్లు ఎందుకు ఒప్పుకుంటారు?

నా సంగతే చెబుతా.

మా నాన్నకు కదిరి వైపు ఏడెకరాల మెట్టచేను ఉండేది, శెనక్కాయ వేసేవాళ్లు. హిందూ కుటుంబాల్లో కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇస్తూ మన రాష్ట్రంలో 1986లోనే చట్టం వచ్చింది, కాకపోతే అప్పటికే పెళ్లయిన వాళ్లకు వర్తించలేదు. 2005లో దేశమంతటికీ వచ్చింది, పెళ్లి అయిందా లేదా అనే తేడా లేకుండా. ఆ చట్టం రోజుకు తండ్రి బతికి లేకపోయినా కూతురికి హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. నేను చదువుకున్నదాన్ని, నాకు ఈ చట్టం తెలుసు. అయినా నాన్న పోయిన మరుసటి ఏడు, హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టేశాను.

బల్ల మీద స్టాంపు కాగితాలు పరిచి, ఎక్కడెక్కడ సంతకం పెట్టాలో పెన్సిల్‌తో గీతలు గీసి ఉంచారు. ఎడమ బొటనవేలు ఇంకులో ముంచి ముద్ర వేయించారు. వేలు తుడుచుకోవడానికి గుడ్డ లేకపోతే తలకు రాసుకున్నా. బయటికి వచ్చాక తమ్ముడు ఉగ్గాని, బజ్జీ ఇప్పించాడు, వేడిగా బాగుంది, అందరం నవ్వుకుంటూ తిన్నాం. ఎవరూ నన్ను బెదిరించలేదు. "పుట్టింటి తలుపు తెరిచి ఉండాలంటే ఇట్లాంటివి పట్టించుకోకూడదు" అని అమ్మ ఒక్క మాట అంది, అంతే. నేను కూడా "ఆస్తి కంటే తమ్ముడే ఎక్కువ" అనుకుని తృప్తి పడ్డా. ఇంకు మటుకు రెండు రోజులు పోలేదు.

ఇందులో రెండు నిజాలు ఉన్నాయి, ఒకటి చెప్పి రెండోది దాచితే తప్పవుతుంది. మొదటిది, నేను నాకు అబద్ధం చెప్పుకున్నా. ఎంచుకునే అవకాశం ఉండి కూడా లేనట్టు నటించడాన్ని అస్తిత్వవాదులు ఆత్మవంచన అంటారు. ఎదురు తిరిగితే టెన్షన్, మాటలు పడాలి, ఒంటరిగా నిలబడాలి. ఇచ్చేస్తే "బంగారం లాంటి బిడ్డ" అనే పేరు వస్తుంది. స్వేచ్ఛ బరువైనది, దాన్ని దించేసుకోవడంలో సుఖం ఉందని బోవా దాచకుండా రాసింది. ఆడవాళ్లు కొంతవరకు ఈ ఏర్పాటులో భాగస్వాములే అంది.

రెండోది, నా పరిస్థితి. రేపు కాపురంలో ఏదైనా జరిగితే నేను సంచీ పట్టుకుని పోగలిగిన గడప ఆ ఒక్కటే. ఆ గడప, ఆ చేను రెండూ ఒకరి చేతిలోనే ఉన్నాయి. చేను కావాలంటే గడప పోతుంది. ఇట్లాంటి చోట పెట్టి "నీ ఇష్టం" అంటే అది ఇష్టం కాదు. మగవాడికి ఈ రెంటిలో ఒకటి ఎంచుకోమనే ప్రశ్నే రాదు, రెండూ ఆయనవే.

కాబట్టి ఒప్పుకున్న ఆడమనిషిని చూసి "తనకే కావాలి" అనకండి. అట్లాగని "పాపం, ఏం చేస్తుంది" అని కూడా వదిలేయకండి.

ఇంటి పనిని ఎందుకు అంత చిన్నచూపు చూస్తారు?

పనిని చిన్నచూపు చూడటం కాదు. గ్రీకు కథలో సిసిఫస్ అనేవాడు బండను కొండ మీదికి తోస్తాడు, అది దొర్లి కిందికి వస్తుంది, మళ్లీ తోస్తాడు. ఇంటి పని అట్లాంటిదని బోవా పోల్చింది. తోమిన గిన్నె రాత్రికి మళ్లీ తొట్లో ఉంటుంది. ఏదీ మిగలదు, ఏదీ ముందుకు పోదు. ఉన్నదాన్ని ఉన్నట్టు నిలిపే పని ఒకరి మీదే పడేసి, కొత్తది కట్టే పని, లోకంలోకి పోయే పని ఇంకొకరు తీసుకోవడం దగ్గరే ఆమె గొడవ. ఆ తోమే పని ఇద్దరూ చేస్తే అది శిక్ష కాదు, ఉత్త పని.

మన దగ్గర ఇంకో సంగతి కూడా ఉంది, లోకంలోకి పోయే పని చేసినా అది ఇంటిపని లెక్కలోనే పోతుంది. ధర్మవరం ఆమె మొదటిసారి వచ్చినప్పుడు "మీరేం చేస్తారమ్మా" అని అడిగాను. "నేనేం చెయ్యనమ్మా, ఇంట్లోనే ఉంటా, ఆయప్ప మగ్గం నేస్తాడు" అంది. తర్వాత ఒకసారి వాళ్లింటికి పోయాను. గుంట మగ్గం దగ్గర ఆయన కూర్చుని ఉన్నాడు, గోడ వారగా ఈమె రాట్నం ముందు. కుడిచేత్తో చక్రం తిప్పుతోంది, ఎడమచేతి వేళ్ల మధ్య నుంచి పట్టుదారం జారి కండెకు చుట్టుకుంటోంది, నాతో మాట్లాడుతున్నా చేయి ఆగలేదు. చూపుడు వేలి మీద దారం ఒరిసి ఒరిసి సన్నటి గాడి పడింది. ఆ కండె లేకపోతే నాడె ఆడదు, చీర లేదు. చీరకు వచ్చే కూలి ఆయనది, నేతగాడు అనే పేరు ఆయనది. "నేనేం చెయ్యను" అనేది ఈమెది.

చేలో కూడా ఇంతే కదా. కలుపు తీసేది, శెనక్కాయ పెరికేది, కొట్టం కింద కూర్చుని కాయలు ఒలిచేది ఆడవాళ్లు. రైతు అంటే పాసుపుస్తకంలో పేరున్న ఆయన.

ఉద్యోగం వస్తే విముక్తి వచ్చినట్టేనా?

సగం. సొంత సంపాదన లేకుండా మిగతా హక్కులన్నీ కాగితం మీదే ఉంటాయని బోవా గట్టిగా చెప్పింది. ఉద్యోగం ఒక్కటే చాలదని కూడా ఆమే చెప్పింది, ఎందుకంటే పగలు బయట కూలి, రాత్రి ఇంట్లో చాకిరీ అయితే అది రెట్టింపు బరువు. పదవి కూడా అంతే. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్లకే, చాలాచోట్ల కుర్చీ ఆమెది, మాట ఆయనది. అయినా ఆ కుర్చీ ఉండాల్సిందే అంటాను నేను. మొదటి ఏడాది సంతకం పెట్టడమే వచ్చినామె మూడో ఏడాది "బిల్లు నాకు చూపించి పొండి" అనడం నా కళ్లతో చూశా.

పెళ్లి వద్దు, పిల్లలు వద్దు అంటుందా ఈ సిద్ధాంతం?

అనదు. బోవా తన మటుకు తను వద్దనుకుంది. సిద్ధాంతం అడిగేది ఒకటే, అది నువ్వు ఎంచుకున్నదా, లేక వేరే దారి చూపించకుండా నిన్ను అందులోకి నడిపించారా అని. ప్రేమ గురించి ఆమె రాసింది నా దగ్గరికి వచ్చే డిగ్రీ పిల్లలకు తప్పకుండా చదివి వినిపిస్తాను. ఆడపిల్లకు ప్రేమే మొత్తం బతుకు, మగవాడికి అది బతుకులో ఒక భాగం అన్నట్టు పెంచుతారు, అందుకని ఆమె అతనిలో కరిగిపోయి, అతని ద్వారానే తనకు విలువ అనుకుంటుంది. ఇద్దరు స్వతంత్రులు ఒకరినొకరు సమానంగా గుర్తించడమే సరైన ప్రేమ అంటుంది ఆమె.

ఇది పారిస్ మాట. కులం ఉన్న సీమలో పనికొస్తుందా?

ఉన్నది ఉన్నట్టు పనికిరాదు. బోవా ఎక్కువగా చూసింది తనలాంటి మధ్యతరగతి తెల్లజాతి ఆడవాళ్లను. ఈ విమర్శ చాలామంది చేశారు, అది న్యాయమైనదే. ఇంటికే కట్టేశారు అనే బాధ పెద్దకులం ఇల్లాలిది. పదేళ్ల వయసు నుంచీ కూలికి పోతున్న దళిత స్త్రీకి ఇల్లు దాటడం సమస్య కాదు, దాటిన చోట భద్రత లేకపోవడం, గౌరవం లేకపోవడం సమస్య. మన అనంతపురం, కర్నూలు పడమటి ఊళ్లలో ఆడపిల్లలను బసివిగా, అంటే దేవుడి పేరు మీద అంకితం చేసి, వదిలే ఆచారం ఉండేది, దాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం చేయాల్సి వచ్చింది. వదిలింది ఎవరి బిడ్డలను? దళితుల, బీదవాళ్ల బిడ్డలను. అందరు ఆడవాళ్లూ ఒకే రకం "ఇతర" కాదు.

కానీ ఆమె మాట ఒకటి ఇక్కడ అచ్చంగా సరిపోతుంది. ఆడవాళ్లు "మేము" అని ఎందుకు అనలేకపోతున్నారంటే, వాళ్లు మగవాళ్ల మధ్య చెల్లాచెదురుగా బతుకుతారు, ఉన్నింటి ఆడమనిషి తన ఇంటి మగవాళ్లతో నిలబడుతుంది గానీ బీదింటి ఆడమనిషితో కాదు అంది. మా మిద్దె మీదనే, అందరికీ ఒకే రకం గ్లాసుల్లో టీ ఇవ్వడానికి నాకు రెండో ఆలోచన రాలేదు, కానీ ఇద్దరు మాత్రం రెండు వారాలు "టీ వద్దు" అన్నారు. మూడో వారం ఒకామె తాగింది, ఇంకొకామె రావడం మానేసింది.

బోవా అన్నీ సరిగ్గానే చేసిందా?

లేదు. తన విద్యార్థినులతో పెట్టుకున్న సంబంధాలలో వాళ్లకు అన్యాయం జరిగింది, దాన్ని నేను సమర్థించను. తల్లితనం గురించి రాసినచోట మరీ కఠినంగా ఉందనిపిస్తుంది. 1949లో సోషలిజం వస్తే ఆడవాళ్ల సంగతి దానంతట అదే సర్దుకుంటుందని నమ్మింది, అది జరగదని తెలుసుకుని 1972లో నేను స్త్రీవాదిని అని ప్రకటించింది. అరవై నాలుగేళ్ల వయసులో మనసు మార్చుకోగలగడం నాకు నచ్చుతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి?

పుస్తకంతో అయితే ఇంగ్లీషులో 1953 నాటి పాత అనువాదం వద్దు, అందులో చాలా భాగాలు కత్తిరించారు. పూర్తి అనువాదం 2009లో వచ్చింది. లావు పుస్తకం, మొదటి నుంచి చదవకండి, బాల్యం గురించిన అధ్యాయం పట్టుకోండి.

పుస్తకం లేకుండా అయితే మేము చేసిన పని ఒకటి చెబుతా. ఎవరి కథ వాళ్లు చెప్పాలి, ప్రతి వాక్యంలో "నేను" కర్తగా ఉండాలి, అంతే. అంగన్‌వాడీ టీచరమ్మ ముందుకొచ్చింది. "నేను పుట్టినా" అంది. "నన్ను బడికి పంపినారు" అని ఆగింది, మార్చుకుని "నేను బడికి పోయినా" అంది. "నన్ను మాన్పించినారు." ఇది మార్చడం కుదరలేదు. "నాకు పెళ్లి చేసినారు. నన్ను గుత్తికిచ్చినారు." ఇవీ కుదరలేదు. చాలాసేపు మాట్లాడలేదు, కొంగు చివర మెలిపెడుతూ కూర్చుంది. కింద రోడ్డు మీద సోడాబండి గంట వినిపిస్తోంది. "ముప్పై ఒకటో ఏట అంగన్‌వాడీ దరఖాస్తు నేనే రాసినా" అంది తర్వాత. "నేనే పోయి ఇచ్చినా." ఆ తర్వాత ఆమె ఆగకుండా చెబుతూ పోయింది, ఎనిమిదింటి ఆఖరి బస్సు వెళ్లిపోయింది, ధర్మవరం ఆమె ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకుంది.